అంచుల్లో మిగిలినవి

కుర్చీ పెద్ద మేనమామకు వెళ్ళింది.
వెండి కప్పు లండన్‌లో ఉన్న చిన్నాయనకు.
చేతికర్ర ఎవరిదన్న మాట మీద
అన్నదమ్ములిద్దరూ రెండేళ్ళు పలకరించుకోలేదు.
నేను కూతురి కూతుర్ని,
టైపు కొట్టడం వచ్చినదాన్ని,
నాకు ఏడు అట్టపెట్టెల కాగితాలు వచ్చాయి.

తాతయ్య రెబ్ అన్షెల్.
ద్రోజ్నిచ్ రబ్బీల వరసలో ఐదోవాడు.
నాలుగోవాడి వాకిట్లో పండగనాడు
బళ్ళు నిలపడానికి చోటుండేది కాదట.
ఐదోవాడి దగ్గరికి, మాంచెస్టర్‌లో, బ్రాటన్‌లో,
అద్దె ఇంటి ముందుగదిలోకి
శుక్రవారం రాత్రి పదకొండుమంది వచ్చేవారు.
వాన జోరైతే తొమ్మిది.
తొమ్మిదైతే ప్రార్థన సాగదు.
ఆ రాత్రి గొడుగు విప్పకూడదు,
తడుస్తూనే పదోవాడి కోసం
వీధి చివరిదాకా వెళ్ళేవాడు తాతయ్య.

పగలు వానకోట్ల ఫ్యాక్టరీ.
కుట్ల మీద రబ్బరు జిగురు పూసే పని,
చుక్క లోపలికి దిగకుండా.
అమ్మమ్మ ట్రైనా ఆ వేళ్ళను సబ్బుతో తోమేది,
జిగురు వదిలేది కాదు.
జీతమిస్తాం, రబ్బీగానే ఉండిపొమ్మని
పెద్దమనుషులొచ్చి అడిగితే
"గంటకింతని ఇస్తారు, నేను సాగదీస్తాను.
వద్దు లెండి" అన్నాడట.

రాత్రిళ్ళు తాల్ముద్ పుటల అంచుల్లో రాసేవాడు,
చీమల బారులా, కుడి నుంచి ఎడమకు.
అంచు చాలకపోతే గ్యాసు బిల్లు వెనక.
వాళ్ళ నాన్న చెప్పిన ఒక వ్యాఖ్య పక్కన
ముప్పై ఏళ్ళలో నాలుగుసార్లు, నాలుగు సిరాల్లో
ఒకటే మాట: "ఇది ఇంకా చూడాలి."
ఐదోసారి పెన్సిలు. చెయ్యి వణికింది.
"చూశాను. ఇంకా చూడాలి."

శనివారం రాయకూడదు.
ఏదైనా తడితే ఆ పుటలో
ఫ్యాక్టరీ దారం ముక్క పెట్టేవాడు,
మూడు చుక్కలు పొడిచాక రాసుకుందామని.
మా ఊళ్ళో చుక్కలెక్కడ?
గడియారం చూసి, గుర్తున్నంత రాసేవాడు.
మరిచిపోయినవి దారాలుగానే ఉండిపోయాయి.
పంతొమ్మిది లెక్కపెట్టాను.
దారాన్ని ఎలా టైపు కొట్టడం?

ఏడాది తిరిగేసరికి పుస్తకం రావాలన్నారు.
పెద్ద మేనమామ ఫోను:
"తోరా మాటలే ఉంచు హెన్యా, ఇంటి గోల తీసెయ్."
ఇంటి గోలంటే,
"ఇక్కడ ట్రైనా టీకి పిలిచింది. వెళ్ళలేదు. తప్పు."
"బొగ్గు అయిపోయింది."
"ఈ వాక్యం దగ్గర ఆడపిల్ల పుట్టింది."
అది మా అమ్మ.
అన్నీ తీసేశాను, చెప్పినమాట వినేదాన్ని.
అమ్మను తీసేసేటప్పుడు మాత్రం
లేచి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను.

ఒక్కటి వదిలేశాను, ఎందుకో:
"పైనుంచి కారుతోంది. గిన్నె పెట్టాను. నిండింది."

పుస్తకం వచ్చింది.
నల్ల అట్ట, బంగారు అక్షరాలు,
మొదటి పేజీలో వంశవృక్షం, కొమ్మకొమ్మకూ మగవాళ్ళు.
మొన్న మా అబ్బాయి బడి నుంచి వచ్చి చెప్పాడు,
కుర్రాళ్ళు రెండు జట్లయి కొట్లాడుకుంటున్నారట.
పైనుంచి కారేది కరుణ అని ఒకళ్ళు,
కాదు, జ్ఞానమని ఒకళ్ళు.
గిన్నె మనిషి గుండె, అందులో తగువు లేదు.
మరి నిండాక పొర్లినట్టు ఎందుకు రాయలేదు?
వాళ్ళ గురువు గడ్డం దువ్వుకుని
"ఇది ఇంకా చూడాలి" అన్నాడట.

అప్పుడు నేను రేపటి రొట్టెలకు పిండి కలుపుతున్నాను,
నీలం అంచు పెచ్చులూడిన ఎనామిల్ గిన్నెలో.
మోచేతుల దాకా పిండి.
"పొర్లిందా అమ్మా?" అన్నాడు వాడు.
"పొర్లనిస్తుందా మా అమ్మమ్మ?
రాత్రంతా లేచి లేచి పారబోసి
మళ్ళీ అక్కడే పెట్టేది" అన్నాను.

వాడు కాసేపు పైకప్పు కేసి చూశాడు.
తర్వాత లోపలికెళ్ళాడు.
పెన్సిలు కోసం సొరుగులన్నీ లాగుతున్న చప్పుడు.